పంపు మార్చే ముందు ఒక్క మాట, వదినగారూ

వదినగారూ, ఒక్కసారి ఇటు రండి. కరివేపాకు కోసి పిట్టగోడ మీద పెట్టాను, తీసుకోండి. అది కాదు గానీ, మీ కారు సంగతి అడుగుదామని పిలిచాను. నాలుగు రోజులుగా పొద్దున్నే అన్నయ్యగారు తాళం తిప్పగానే వెనక సీటు దగ్గర్నుంచి కుయ్యిమని ఒకటే రొద. మా వంటింటి కిటికీలోకి వినిపిస్తోంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. పోయిన ఏడాది మా కారూ అచ్చం ఇలాగే అరిచింది.

ఏమిటీ, పెట్రోలు పంపు పోయిందన్నారా షెడ్డులో? రేపే కొత్తది వేసేస్తామన్నారా? ఆగండాగండి.

మాకూ అదే చెప్పారు. చెప్పిందే తడవుగా వేయించేశాం. నాలుగు నెలలు చప్పుడు లేదు, ఆ తర్వాత మళ్లీ అదే రొద. ఈసారి ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, నిదానస్తుడు. వెనక సీటు లేపి, మూత విప్పి, పంపు పైకి తీసి నా ముందే పెట్టారు. దాని అడుగున చిన్న జాలీ సంచీ ఉంటుంది వదినగారూ, పెట్రోలు దాన్లోంచే వడకట్టుకుని పంపులోకి వెళ్తుంది. తెల్లగా ఉండాల్సిన ఆ జాలీ కాఫీ ఫిల్టరు అడుగున మిగిలే మడ్డిలా నల్లబడిపోయింది. వేలితో రాస్తే సన్నటి ఇసుక తగిలింది. ట్యాంకు కడగకుండా, జాలీ మార్చకుండా, పాత మురికిలోనే కొత్త పంపు దించేశారన్నమాట. “దీనికి గొంతు నొక్కేస్తే అరవక ఏం చేస్తుందమ్మా” అన్నారాయన. పీల్చుకోవడానికి పెట్రోలు అందక పడే అవస్థ అది.

పాత అంబాసిడర్లకీ, పద్మినీలకీ, మొదట్లో వచ్చిన కార్బురేటరు మారుతి 800కీ ఈ బెడద లేదు. వాటి పంపు ఇంజను పక్కనే ఉండేది, ఇంజను తిరిగితే అదీ ఆడేది. ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి పెట్రోలును దాదాపు 3 బార్ల ఒత్తిడితో తొయ్యాలి. అందుకని ట్యాంకులోనే మునిగి ఉండే కరెంటు మోటారు పెట్టారు. దానికి వేరే ఆయిలంటూ ఏమీ లేదు. పెట్రోలే దాన్ని చల్లబరచాలి, పెట్రోలే బేరింగులకు తడి ఇవ్వాలి. ముల్లు ఎప్పుడూ రిజర్వు దగ్గరే ఆడించేవాళ్ల బళ్లలో పంపులు త్వరగా అరిగిపోయేది అందుకే. వందా రెండొందలకు పోయించుకుని తిరగడం పొదుపని మనం అనుకుంటాం. ఆ భారం పంపు మీద పడుతుంది.

మీరు ఈ రాత్రి వీధి సద్దుమణిగాక ఒక పని చెయ్యండి. సెల్ఫ్ కొట్టకుండా ఉత్త తాళం మాత్రం ఆన్ చెయ్యమనండి. రెండు మూడు సెకన్లు సన్నగా ఝుమ్మని ఆగిపోతే అది మామూలే, కంగారు పడకండి. అక్కడే గట్టిగా కుయ్యిమంటే పంపు వైపు చూడాలి. ఇంజను నడుస్తుండగా ఎక్సలేటరు తొక్కినకొద్దీ రొద కూడా పెరుగుతుంటే అది పంపు కాకపోవచ్చు. ఆల్టర్నేటరు బేరింగో, బెల్టు కప్పీయో అయి ఉంటుంది. పంపు రొద అయితే ఇంజను వేగంతో పెద్దగా మారదు. అలాగే రొద ఉన్నప్పుడు ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి లాక్కుని, రొద తగ్గిందా, ట్యాంకుకి గాలి పీల్చుకునే దారి మూసుకుపోయిందని అర్థం.

మిగతావి షెడ్డులో చూడాల్సినవి. పంపు దగ్గర కరెంటు ఎంత అందుతోందో ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి చూడమనండి. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే ఒక వోల్టు పైగా తగ్గితే రిలేనో, తుప్పు పట్టిన ఎర్తు వైరో చూడాలి. ఆ తర్వాత ప్రెషరు గేజి. అది పెట్టడానికి పెట్రోలు పైపు ఊడదీసే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడపాలి. లేకపోతే ఒత్తిడికి పెట్రోలు మొహం మీదికి చిమ్ముతుంది. ఇంట్లో మాత్రం వెనక సీటు కింద ఉండే ఆ పంపు మూత విప్పనివ్వకండి వదినగారూ, ఆ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది. మీ బండి అబ్బాయి పెళ్లి పనుల్లో రెండు నెలలు కదలకుండా ఉంది కదా, ముందు జాలీనే అనుమానించాలని నాకు అనిపిస్తోంది. రబ్బరు పైపులు కూడా ఒకసారి చూపించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ప్రెషరు రాకపోతే అప్పుడు పంపు పోయినట్టే, మార్చాల్సిందే. మార్చేటప్పుడు జాలీ, ఫిల్టరు కలిపి మార్పించండి, ట్యాంకు కడిగించండి. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు పికప్ పడిపోతున్నా, ఎండలో ఆగిన బండి మళ్లీ స్టార్టు కాకపోతున్నా ఇక ఆలస్యం చెయ్యకండి. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీదికి అసలే వెళ్లకండి.

నిన్న అన్నయ్యగారు బండి తీస్తుంటే చూశాను, ముల్లు రిజర్వు మీదే ఉంది. రేపు షెడ్డుకి వెళ్లే ముందు బంకుకి వెళ్లి సగం ట్యాంకు పోయించి, ఆ చప్పుడు మళ్లీ ఒకసారి వినమని చెప్పండి.