కందెన

పూర్వము బండి తోలువాడు దూరప్రయాణమునకు ముందు ఎద్దులకు కుడితి పెట్టుట యెంత ముఖ్యమో, ఇరుసునకు కందెన వేయుటయు అంత ముఖ్యముగ నెంచెడివాడు. కాల్చిన గడ్డిమసిని ఆముదముతో కలిపి కందెన చేసెడివారు. అది మరీ పలుచనైనచో ఇరుసు నంటియుండక కారిపోవును. మరీ చిక్కనైనచో చక్రము బరువెక్కి ఆ భారము ఎద్దుల మెడలపై పడును. దాని పాళము అనుభవజ్ఞుని వ్రేళ్లకు తెలియును. నేడు అనేక గృహముల ముంగిట ఎడ్లబండికి మారుగ కారు నిలిచియున్నది. కాని కందెన పాళమును గూర్చిన ప్రశ్న మాత్రము తీరలేదు.

పల్నాటి సీమలో ఒక కుటుంబము కలదు. ఆ యింటి తాతగారు ముప్పదియేండ్లు అంబాసిడరు కారు నడిపి సంసారమును పోషించినవారు. ఇంజను చప్పుడు విని దాని రోగమును చెప్పగల దిట్ట యని ఊరివారు ఆయనను గౌరవించెడివారు. ఆయన కుమారుడు ఋణము తీసికొని ఒక చిన్న పెట్రోలు కారు కొనెను. ఉచిత సర్వీసులు ముగిసిన పిదప నూనె మార్పించుటకై ఊరిలోని మెకానిక్కు వద్దకు అందరును వెళ్లిరి. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు కారుతో నిచ్చిన సూచనల పుస్తకమును తెరచి, "తాతయ్యా! ఇందులో 5డబ్ల్యు-30 అని వ్రాసియున్నది" అనెను.

తాతగారు నవ్విరి. "తల్లీ! ఆ పుస్తకము వ్రాసినవారు రెంటచింతల యెండ నెరుగుదురా? మన యెండలకు పలుచని నూనె నీరైపోవును. నాయనా! 20డబ్ల్యు-50 పోయింపుము" అని కుమారునితో పలికిరి. తండ్రిమాట కాదనలేక కుమారుడు అట్లే చేయించెను. బాలిక పుస్తకమును మూసి ఊరకుండెను.

ఆ అంకెల అర్థమేమి? అమెరికాలో 1905లో ఏర్పడిన మోటారు ఇంజనీర్ల సంఘము 1911లో ఇంజను నూనెలను చిక్కదనమును బట్టి తరగతులుగ విభజించెను. ఆ విభజనము పలుమార్లు సవరింపబడి నేటికిని వాడుకలో నున్నది. 'డబ్ల్యు' అనునది శీతకాలమును తెలుపు ఆంగ్లపదమునకు తొలి యక్షరము. దానికి ముందున్న అంకె ఎంత చిన్నదైన, ఆ నూనె అంత చలిలోను సులభముగ ప్రవహించును. తరువాతి అంకె నూరు డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నూనెకు గల చిక్కదనపు తరగతిని తెలుపును. ఆ వేడిలో 30వ తరగతి నూనెకంటె 50వ తరగతి నూనె చిక్కనిది. ఈ అంకెలు డిగ్రీలు కావు. తరగతుల పేర్లు మాత్రమే.

నూరు డిగ్రీలే యేల? ఇంజను చక్కగ వేడెక్కి పనిచేయునపుడు లోపలి నూనె ఇంచుమించుగ ఆ వేడికి చేరును. బయట మండుటెండ కాచినను, మంచు కురిసినను, థర్మోస్టాటు, రేడియేటరు కలిసి ఇంజను వేడిని ఒక హద్దులో నిలుపుచుండును. కావున తాతగారు భయపడినంతగ వీధిలోని యెండ నూనెను పలుచన చేయజాలదు.

పుష్యమాసమున ఆ కుటుంబము చింతపల్లి చెంతనున్న లంబసింగికి విహారార్థము వెళ్లెను. ఆ కొండయూరిలో చలికాలపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు సున్నాకు చేరువగును. రెండవనాడు తెల్లవారకముందే నాయనమ్మగారికి ఆయాసము హెచ్చెను. ఆమెను ఆసుపత్రికి కొనిపోవుటకై కుమారుడు కారు తాళము త్రిప్పెను. స్టార్టరు మూలిగెను, ఇంజను బరువుగ తిరిగి ఆగిపోయెను. రెండవసారియు అంతియే. మూడవసారి అందుకొనెను గాని, ఎఱ్ఱని నూనెదీపము వెంటనే ఆరలేదు. ఇంజను పైభాగమునుండి టకటకమని చప్పుడు వినవచ్చెను. తాతగారు చెవియొగ్గి వినిరి. ఆయన ముఖము పాలిపోయెను. "నూనె ఇంకను పైకెక్కలేదు. వేగము పెంచకుము" అని మెల్లగ ననిరి. కొన్ని క్షణములకు దీపమారెను, చప్పుడణగెను. సకాలమున ఆసుపత్రి చేరిరి, ఆమె కోలుకొనెను. కాని ఆ దారి పొడవునను తాతగారు పెదవి విప్పలేదు.

జరిగిన దేమి? రాత్రియంతయు నిలిచియున్న ఇంజనులో నూనె అడుగుననున్న తొట్టిలోనికి దిగును. తాళము త్రిప్పగనే పంపు దానిని సన్నని దారుల గుండ పైకి పంపవలెను. చలికి చిక్కబడిన నూనె ఆలస్యముగ చేరును. ఆ లోపల లోహము లోహమును ఒరయును. నూనెపొర కున్న బలమును 1883లో ఇంగ్లండునందు బోషాంప్ టవర్ అను ఇంజనీరు ప్రయోగముచేసి చూపెను. తిరుగుచున్న ఇరుసును పట్టియుంచు బేరింగు పైభాగమున రంధ్రముచేసి బిరడా బిగింపగా, లోపలి నూనె దానిని బయటికి నెట్టివేసెను. అనగా ఇరుసును మోయునది లోహము కాదు, నూనెపొరయే! 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు దీని గణితమును వివరించెను. నూనె చిక్కదనము, ఇరుసు వేగము, రెండు లోహముల నడుమనున్న సందు ఈ మూడును పొందికగ నున్నప్పుడే ఆ పొర నిలుచును. ఇంజను చేసినవారికి ఆ సందెంతయో తెలియును గనుక, దానికి తగిన నూనెను వారే పుస్తకమున వ్రాయుదురు.

అట్లని పలుచని నూనెయే మేలని తలంపరాదు. 2014 వరకు తయారైన అంబాసిడరు వంటి పాతకాలపు బండ్లకు చిక్కని నూనెయే తగినది. అరిగిన ఇంజనులో పలుచని నూనె పోసినచో పీడనము పడిపోవును, పొర తెగును. మోటారు సైకిళ్లలో పెక్కింటికి మరియొక నియమము కలదు. వాటిలో క్లచ్చియు ఆ నూనెలోనే మునిగియుండును. కారు నూనె పోసిన ఆ క్లచ్చి జారవచ్చును. అట్టి బండ్లకు జాసో ఎమ్.ఏ. అను గుర్తుగల నూనెను వాడవలెను.

ఇంటికి మరలిన మరునాడే తాతగారు కారును తామే మెకానిక్కు వద్దకు తీసికొనిపోయిరి. వెంట మనుమరాలిని రమ్మనిరి. పోయించిన నూనె క్రొత్తదే కదా, వృథా యగునే యని మెకానిక్కు సందేహించెను. "నూనె పోయిన కొనవచ్చును, ఇంజను పోయిన కొనలేము" అని తాతగారు బదులు చెప్పిరి. పిదప బాలికవైపు తిరిగి, "అమ్మా! నేను నేర్చిన పాఠము అబద్ధము కాదు. అది ఆ బండి పాఠము. ఈ బండి పాఠము నీ చేతిలో నున్నది, చదువుము" అనిరి.

బాలిక పుస్తకమును తెరచి ఆ పంక్తిని బిగ్గరగ చదివెను. ఊరిలోనివారి కందరకును ఇంజను రోగములు చెప్పిన ఆ పెద్దమనిషి, చేతులు కట్టుకొని నిలిచి శ్రద్ధగ వినెను.