నల్లీ, నుసీ

బళ్ళారి తెలుగువాళ్ళకు మాటలతో ఒక చిక్కుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. మేము ఇటు మిగిలాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం.

పోయిన వేసవిలో పక్కింటి గౌడరుతో "అంజూరానికి నల్లి పట్టిందండీ" అన్నాను. "ఏం, నీళ్ళు రావడం లేదా?" అన్నారాయన. కన్నడంలో నల్లి అంటే కొళాయి. మనం నల్లి అనేదాన్ని వాళ్ళు నుసి అంటారు. మనకేమో నుసి అంటే మెత్తటి పొడి! ఇద్దరం నవ్వుకున్నాం.

ఆకు తిప్పి చూపించాను. అడుగున సన్నటి బూజు, అందులో కదిలే చుక్కలు. చుక్క అర మిల్లీమీటరుంటే గొప్ప. ఎనిమిది కాళ్ళ జీవి, సాలీడుకు చుట్టం. రసం పీల్చిన చోటల్లా ఆకు పైన తెల్ల చుక్కలు తేలి, చివరికి కంచు రంగుకు తిరిగి రాలుతుంది.

"పూనా జాతి కదా, అందుకే. నాటుదానికి పట్టదు. కొట్టించెయ్యండి" అన్నారు.

అది మా అమ్మ నాటిన చెట్టు. జాతిని బట్టి తట్టుకునే శక్తి మారడం చాలా పంటల్లో ఉన్నదే. కానీ మా ఇంట పూనా చెట్లు రెండున్నాయి. రెండూ ఒకే తల్లిచెట్టు కొమ్మలు. కొమ్మ నాటితే వచ్చేది ఆ జాతే. లారీల దారి పక్క, గోడ వేడికి ఉన్నదానికి ఆకాకునా బూజు. బట్టలుతికే బండ దగ్గరిదానికి వెతికితే గాని నల్లి కనబడలేదు.

వేడి, దుమ్ము, నీటి ఎద్దడి నల్లికి పండగ. మంచి ఎండల్లో గుడ్డు పెద్ద నల్లి కావడానికి వారం చాలు. కంగారుపడి ఏదో పురుగుమందు కొడితే, దాన్ని తినే అక్షింతల పురుగులు ముందు చస్తాయి, నల్లి రెట్టింపవుతుంది.

బాగా చెడిన ఆకులు కోసి కాల్చాను. పాదుకు నీళ్ళు పెట్టి, రెండు రోజులకోసారి పొద్దున్నే పైపుతో ఆకుల అడుగు కడిగాను. నెల తిరిగేసరికి కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. అప్పటికీ లొంగకపోతే నీళ్ళలో కలిసే గంధకం ఉంది. మండుటెండలో మాత్రం చల్లకూడదు, ఆకు మాడుతుంది.

మీ పెరట్లో అంజూరముంటే కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టి చూడండి. చుక్కలు నడిస్తే, జాతిని తిట్టే ముందు చెట్టు నిలబడ్డ చోటు చూడండి.

వానలు పడ్డాక గౌడరు ఆ చెట్టు కొమ్మే అడిగి తీసుకెళ్ళారు. వాళ్ళ కొళాయి పక్కనే నాటారు.