కోడిపుంజు చేప

ఆర్మూరు పసుపునకు పేరెన్నికగన్న ఊరు. సముద్రమునకు మిక్కిలి దూరము. ఆ ప్రాంతపు బాలుడు చెఱువులోని కొఱ్ఱమీను నెఱుగును. కడలిలోని పగడపు దిబ్బల నడుమ తిరుగు ఎఱ్ఱని చేపల నెఱుగడు. అయినను వానిని గుర్తించు విద్యకు మూలమైన సూత్ర మొకటి ఆ ఊరి పసుపు వర్తకునికి బాగుగా తెలియును. కొమ్ము పైకి ఎంత మెఱసినను అతడు దానిని చూచి మురిసిపోడు; విఱిచి లోపలి వన్నె చూచును. మెఱుగు పెట్టిన పసుపు ఎవరినైనను భ్రమింపజేయగలదు గదా!

చేపల విషయమునను రంగు నమ్మదగిన సాక్షి కాదు. సూర్యకాంతిలోని ఎఱుపును సముద్రజలము మొదటి కొలది బారలలోనే మ్రింగివేయును. ఒడ్డున కెంపువలె వెలుగు చేప లోతున నల్లని నీడవలె కనబడును. అదియే దానికి రక్ష. ప్రాణము పోయిన పిదప ఆ వన్నెయు వెలసిపోవును. అట్లాంటిక్ మహాసముద్రపు పడమటి దిబ్బలలో స్క్విరల్ చేప, సోల్జరు చేప అని రెండు తెగలు కలవు. రెండును ఎఱ్ఱనివే, రెండింటికిని పెద్ద కన్నులే. మొప్పమూతకు ముందున్న ఎముకను చూచినచో సందేహము తీరును: మొదటిదానికి అచ్చట పొడవైన ముల్లుండును, రెండవదానికి ఉండదు.

ఈ విద్యలో తెలుగు జాలరుల భాగము చిన్నది కాదు. 1780 దశకమున పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున నివసించి, అచ్చటి చేపలను సేకరించెను. రెండువందల చేపల వర్ణనలతో, చిత్రములతో ఆయన గ్రంథము 1803లో లండనులో వెలువడెను. చేపలకు స్థానికులు చెప్పిన పేర్లను ఆయన అందు పొందుపఱచెను. ఆంగ్లాక్షరములలో అవి కొంత వంకరపోయిన మాట నిజమే. ముఖపత్రమున రస్సెల్ పేరు కలదు. జాలరుల పేర్లు లేవు.

ఆ చిత్రములలో ఒకదాని పేరు 'కోడిపుంగి'. తెలుగు చెవికి అది కోడిపుంజనియే వినబడును. ఎఱుపు చారల మేను, ఈకలవలె విచ్చుకొన్న ఱెక్కలు గల ఆ చేపను చూచిన, పేరు పెట్టినవాని చూపు ఎంత నిశితమో తెలియును. 1831లో బెనెట్ అను శాస్త్రజ్ఞుడు రస్సెల్ వర్ణనను ఆధారముగా గొని దానికి 'టెరోయిస్ రస్సెలీ' అని నామకరణము చేసెను. ఆంగ్లమున ఈ తెగను టర్కీకోడి చేపలనియు వ్యవహరింతురు. కోడి పోలిక అక్కడివారికిని తోచినది!

దీని దాయాదియగు 'టెరోయిస్ వోలిటాన్స్' హిందూ, పసిఫిక్ సముద్రములది. అది 1985లో ఫ్లారిడా తీరమున కనబడెను. అలంకారమునకై తొట్లలో పెంచినవారు విడిచిపెట్టుటచే చేరియుండునని పండితుల తలంపు. అచ్చటి చిన్నచేపలు దానిని శత్రువుగా గుర్తింపలేక ఎరయైనవి. అది కరీబియను దీవుల నాక్రమించి, 2014 నాటికి బ్రెజిలు చేరెను.

ఈ రెండింటిని వేఱుచేయుటకు తోకను, వెన్ను ఱెక్క వెనుకటి మెత్తని భాగమును చూడవలెను. వోలిటాన్సునకు అచ్చట నల్లని చుక్కలుండును. విశాఖ కోడిపుంజునకు ఉండవు. చేతితో పట్టి చూచుట మాత్రము కూడదు. వెన్నుమీది పదమూడు ముండ్లును విషపూరితములు. గ్రుచ్చుకొన్న బాధ దుర్భరము. ముండ్లు తీసివేసినచో మాంసము తినదగినదే. కరీబియను తీరవాసులు ఇప్పుడు దానిని వేటాడి వండుకొనుచున్నారు.