రాగిరేకు మీద రాజవైభవం

మాది చిలకలపూడి. ఆ మాట అనగానే ఎదుటివారి చూపు మా ఆడవాళ్ళ మెడల మీదికి పోతుంది. రాగి మీద బంగారు తొడుగు మా ఊరి విద్య మరి!

ఆ విద్య మా అక్క పెళ్ళిలో నన్ను తల వంచుకునేలా చేసింది. నా కాలేజీ జీతానికి అమ్మ నగలు అంతకు ముందే తాకట్టుకు పోయాయి. అమ్మ మా ఊరి నగలే పెట్టుకుని పీటల మీద కూర్చుంది. వియ్యపురాలు కాసులపేరు పట్టి చూసి, "తేలిగ్గా ఉందే వదినగారూ" అంది.

"మెడకు సుఖంగా ఉంటుంది వదినగారూ" అని అమ్మ నవ్వేసింది. నేను మాత్రం పందిట్లోంచి లేచి వెళ్ళిపోయాను.

మొన్న మా అబ్బాయి ఇంట్లో ఒక బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే ఆ సంగతి గుర్తుకొచ్చింది. అవి జాక్ కలో (1592-1635) వేసినవి. లొరేన్‌లో పుట్టి, ఇటలీలోని ఫ్లారెన్సు ప్రభువుల కొలువులో చేరి, వారి ఉత్సవాలను అచ్చుబొమ్మలుగా వేశాడు. 1616లో అక్కడి శాంతా క్రోచె మైదానంలో 'ప్రేమ సమరం' అనే వేడుక జరిగింది. రథాలు, గుర్రాలు, చుట్టూ చీమల బారుల్లా జనం! అందులో ఒక వేషం నరసింగ రాజుది. నరసింగమంటే ఎక్కడో కాదు, ఆనాటి యూరపువారి నోట మన విజయనగరమే! ఆ మహానగరం 1565లోనే పాడుపడింది. అక్కడ మాత్రం దాని రాజుకు వేషం కట్టారు. మన నాటకాల్లో గిల్టు నగలతో రాయలవారు రంగమెక్కినట్టే!

అలాంటి వేడుకలకు కొయ్యతో, గుడ్డతో రథాలు కట్టి, రంగులు పూసి, పండుగ కాగానే విప్పేసేవారు. నిలిచింది రాగిరేకు మీది గీత. రేకుకు పూత పూసి, దాని మీద సూదితో బొమ్మ గీస్తారు. ఆమ్లం పోస్తే, పూత లేచిన చోటల్లా అది రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, తడి కాగితం పరిచి మరలో నొక్కితే బొమ్మ దిగుతుంది. అందులో ఏది బంగారమో, ఏది గిల్టో ఎవరికీ తెలియదు. అంతా నలుపూ తెలుపే.

ఇంటికి వచ్చి అక్క పెళ్ళి ఫొటో తీశాను. అదీ నలుపూ తెలుపే. అమ్మ కాసులపేరు ధగధగలాడుతోంది. అమ్మ నవ్వుతోంది. వియ్యాలవారూ మావాళ్ళూ అందరూ ఉన్నారు.

నేనే లేను.