ఏ ఎంట్రన్స్ కష్టం?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, తిరువూరులో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఎంపీసీయా, బైపీసీయా? ఇక్కడే చదివించాలా, విజయవాడ హాస్టల్లో వేయాలా? మామిడి కాపు అమ్మిన డబ్బు చేతికొచ్చేదీ అప్పుడే, కాలేజీ ఫీజు కట్టాల్సిందీ అప్పుడే. అందుకే ‘ఏ ఎంట్రన్స్ తేలిక?’ అని తెలిసినవాళ్లందరినీ అడుగుతారు. నిజానికి ఏదీ తేలిక కాదు. ఒక్కోదానిది ఒక్కో రకం కష్టం!

మన కాలేజీల వరకూ ఒకప్పుడు ఇంత తికమక లేదు. 1986లో మొదలైన ఎంసెట్టే ఇంజినీరింగుకైనా, మెడిసిన్‌కైనా దారి. 2017 నుంచి ఎంబీబీఎస్ సీట్లు నీట్‌కు వెళ్లిపోయాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారింది.

ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి నిమిషం మీద ఏడు సెకన్లు. తప్పు రాసినా మార్కు పోదు. ఇక్కడ లెక్క వస్తే చాలదు, చెయ్యి పరుగెత్తాలి.

2025 నీట్‌లో 180 నిమిషాలకు 180 ప్రశ్నలు. సగం బయాలజీవే. తప్పు రాస్తే ఒక మార్కు కోత. చదివింది పొల్లుపోకుండా గుర్తుండాలి, తొందరపడకూడదు. దానికితోడు పోటీ! 2024లో 23 లక్షల మందికి పైగా రాస్తే, దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే.

2025 జేఈఈ మెయిన్‌లో అంతే సమయానికి 75 ప్రశ్నలు. తీరిగ్గా చేయొచ్చనిపిస్తుంది. కానీ ఒక్క లెక్కలోనే రెండు మూడు పాఠాలు కలిసి వస్తుంటాయి. బట్టీ పట్టినవాడు అక్కడే ఆగిపోతాడు.

అడ్వాన్స్‌డ్‌కు మెయిన్‌లో పైనున్న రెండున్నర లక్షల మందికే అర్హత. ఒకేరోజు రెండు పేపర్లు, ఆరు గంటలు. ప్రశ్నల తీరు, మార్కుల లెక్క ఏటా మారుతుంటాయి. పైగా మిగతా మూడూ తెలుగులో రాయొచ్చు, ఇది మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. తెలుగు మీడియం పిల్లలకు అదొక అదనపు మెట్టు.

వీటన్నిటినీ మించిన కష్టం మరొకటుంది. ‘ఏదో ఒకటి తగలకపోతుందా’ అని పిల్లాడితో అన్నింటికీ ఒకేసారి చదివించడం! వేగం అలవాటైన చేతిని ఆగి ఆలోచించమంటే, ఆలోచించే బుర్రను పరుగెత్తమంటే రెండూ తడబడతాయి.

ఎంట్రన్స్ లేని దారులూ ఉన్నాయి. దగ్గర్లోని నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే సీటిస్తారు.

ఇంటర్ మొదటి ఏడాది దసరా సెలవుల్లో ఓ పని చేయండి. అప్పటికి చెప్పిన పాఠాల్లోంచి పాత పేపర్ల ప్రశ్నలు తీసి, గడియారం ముందు పెట్టి రాయించండి. ఏ పేపరు దగ్గర విసుక్కున్నాడో, ఏ పేపరు దగ్గర టైం మర్చిపోయాడో గమనించండి. రెండో ఏడాది ఫీజు దేనికి కట్టాలో ఊళ్లోవాళ్లను అడగక్కర్లేదు.