యాభై ఆకుల కట్ట

"సారూ, వాన సప్పుడు ఇంటే సాలు, నడుం పట్టేస్తది."

బూర్గంపాడు వైపు నుంచి వచ్చిన ఆ అమ్మకు యాభై దాటాయి. ఎక్స్‌రేలో ఆ వయసుకు ఉండే అరుగుదలే తప్ప మరేం లేదు. కాళ్లలో తిమ్మిరి లేదు, పట్టు తప్పలేదు. మాత్రలు వేసుకున్న నాలుగు రోజులు బాగుంటుంది, ఆ తరవాత మామూలే. "నీకేం లేదమ్మా" అని చెప్పి పంపేవాణ్నే. ఆ వాన మాట నన్ను ఆపింది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ వరదలో ఆమె మనవణ్ని చంకనేసుకుని, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని నీళ్లలో నడిచి బయటపడింది. తిరిగొచ్చేసరికి ఇంటి గోడలు లేవు.

దెబ్బ ఒంటికి తగిలినా, నొప్పి ఎంతన్నది తేల్చేది మెదడే. ఆపద ఉందనుకుంటే అది కండరాలను బిగిస్తుంది. బిగిసిన కండరం నొప్పెడుతుంది, ఆ నొప్పి భయాన్ని పెంచుతుంది. ఈ గొలుసును తెంచే దారుల్లో మైండ్‌ఫుల్‌నెస్ ఒకటి. మన మాటలో ఎరుక. 1979లో జాన్ కబట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, ఏళ్ల తరబడి నొప్పులతో బాధపడేవారికి దీన్ని నేర్పడం మొదలుపెట్టారు. అదే 8 వారాల శిక్షణగా స్థిరపడింది. దాని మూలం బౌద్ధ ధ్యానం. నేలకొండపల్లి మహాస్తూపం ఉన్న మన ఖమ్మం నేలకు బౌద్ధం పరాయిది కాదు.

2016లో వెలువడిన ఒక అధ్యయనం దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 342 మందిని గమనించింది. 26 వారాలకు, పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగు ఈ శిక్షణ పొందినవారిలో 60 శాతానికి, మామూలు వైద్యంతోనే ఉన్నవారిలో 44 శాతానికి కనిపించింది.

ఆ లెక్కలు చదివిన ఉత్సాహంలో, ఆ అమ్మ రాకముందే, నేనొక తప్పు చేశాను. మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ దాటి వచ్చిన గుత్తికోయ ఆదివాసీ కుటుంబంలోని యువకుడు నిద్రపట్టడం లేదని, తలనొప్పి అని వచ్చాడు. "కళ్లు మూసుకుని ఊపిరి గమనించు" అన్నాను. నిమిషం తిరక్కముందే ఒళ్లంతా చెమటలు పట్టి, లేచి గుమ్మం వైపు పరుగెత్తాడు. కళ్లు మూస్తే అతనికి కనిపించేది కాలిపోతున్న ఊరు. వెంట వచ్చిన మేనమామ కోయలో మాట్లాడి, భుజం పట్టి కూర్చోబెట్టాడు. తరవాత ఆ భాష తెలిసిన మనిషిని తోడిచ్చి ఖమ్మంలో మానసిక వైద్యుని దగ్గరికి పంపాను. మనసుకు తగిలిన గాయానికి ఎరుక ఊతం మాత్రమే, అసలు చికిత్స వేరుగా జరగాలి. ధ్యాస పెట్టమని చెప్పేముందు, ఆ మనిషి ధ్యాస ఎక్కడ భద్రంగా నిలుస్తుందో అడగాలని అతని వల్ల తెలిసింది.

అందుకే ఆ అమ్మను కళ్లు మూసుకోమనలేదు. "ఏ పనిలో ఉంటే నొప్పి గుర్తుకు రాదమ్మా?" అని అడిగాను.

"తునికాకు కట్టేటప్పుడు."

చెబుతూనే ఆమె వేళ్లు కదిలాయి. లేని ఆకును తీసి, బొటనవేలితో నిమిరి, ఎడమ చేతిలోకి చేర్చి, మరోటి అందుకున్నాయి. కట్టకు 50 ఆకులు. ఇరవై దాటేసరికి పైకి బిగిసి ఉన్న భుజాలు దిగాయి. నేను చూస్తూ కూర్చున్నాను.

"వాన మొదలవగానే పాదాలు నేలకు ఆనించి, కళ్లు తెరిచే ఉంచి ఇట్లాగే కట్టు. మనసు గోదారి వైపు పోతే తిట్టుకోకు, మళ్లీ ఆకు దగ్గరికి రా" అన్నాను. దాంతోపాటు నడుం వ్యాయామాలు నేర్పాను, మాత్రలు తగ్గించుకుంటూ వచ్చాను.

వానాకాలం మధ్యలో మళ్లీ వచ్చింది.

"నొప్పి ఉన్నది సారూ. మొన్న రాత్రి వానకు మూడు కట్టలు కట్టిన. నాలుగోది కట్టంగనే నిద్రపట్టింది."