వేసవిలో మా మీనములు

రోహిణికార్తె యెండలకు రోళ్లు పగులునని పెద్దలు చెప్పుదురు. మేముండు పల్నాటిసీమలో ఆ మాటను అతిశయోక్తి యని యెవ్వరును తలపరు. వేసవి వచ్చినదన్న రెంటచింతల పేరు వార్తలలో వినబడుచునే యుండును. మా యూరు దానికి చేరువనే కలదు. మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటు దినములు మాకు క్రొత్త కావు. అట్టి యూర, అట్టి కాలమున, గాజుతొట్టిలో చేపలను పెంచుట తగునా యని మీరడుగవచ్చును. కాని యవి మేము కోరి తెచ్చుకొన్నవి కావు.

మావారు ఉపాధ్యాయులు. వారి తరగతి పిల్లలు తలకింత వేసికొని బడిలో నొక గాజుతొట్టి నమర్చుకొనిరి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. సుమారు 50 లీటర్ల నీరు పట్టును. అందు మూడు బంగారుచేపలు, పదిపండ్రెండు గప్పీలు. ఏప్రిల్ చివర బడికి సెలవు లీయగనే తొట్టి మా యింటికి వచ్చెను. దానితో కూడ నొక నోటుపుస్తకము వచ్చెను. నీరు మార్చిన తేదీ, మేత పెట్టిన వేళ, పుట్టినవి, చచ్చినవి, చావునకు కారణము అని పిల్లలు అందు గళ్లు గీసియుంచిరి. "బడి తెరచువరకు ఈ లెక్క నీది" అని మావారు దానిని మా చేత పెట్టిరి.

బాల్యమున మా తండ్రిగారు మాకు భాగవతము చెప్పిరి. సత్యవ్రతుడను రాజు కృతమాలానదిలో తర్పణము చేయుచుండగా దోసిట బడిన చిన్న చేప తన్ను కాపాడుమని వేడుకొనినదట. ఆ కథ విన్న నాడు, అది పెరిగి పెరిగి సముద్రమంత యగుటయే మాకు వింతగా దోచినది. ఒక చేపకు మాట యిచ్చిన వానికెంత పని పడునో ఈ వేసవిలోగాని మాకు తెలియలేదు.

మొదటి రెండు వారములు సుఖముగనే గడచెను. గాలిపంపు రేయింబవళ్లు బుడగలు వదలుచుండెను. ఈ రెండు జాతుల చేపలకు ఒకే నీరు సరిపడదని మాత్రము త్వరలోనే గ్రహించితిమి. బంగారుచేప చీనాదేశమున వేయి యేండ్లకు పైబడి సాకబడుచున్న జాతి. దానికి చల్లని నీరు హితము. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తరభాగమునుండి వచ్చినది. వెచ్చదనమును కొంత సైచును. మా నాపరాతి నేలలో నీరు సున్నపుపాలు కలిగి గట్టిగా నుండును. పప్పు ఉడుకదని మనము విసుగుకొను ఆ నీరే గప్పీలకు ప్రియము.

మే రెండవ వారమున నొకనాడు మధ్యాహ్నము కరెంటు పోయెను. పంపు నిలిచెను. నాలుగు గంటలైనను కరెంటు రాలేదు. తొట్టి చెంతకు పోయి చూడగా చేపలన్నియు పైకి వచ్చి నోళ్లు తెరచి నీటి యంచున వ్రేలాడుచుండెను. నీటి వేడి 34 డిగ్రీలు చూపుచుండెను. మాకు కాళ్లు చేతులాడలేదు. ఫ్రిజ్ తెరచి, అందున్న చల్లని నీటి సీసాలన్నియు తెచ్చి, తొట్టిలో గుమ్మరించితిమి. దాహముతో వచ్చిన మనిషికి చల్లని నీరిచ్చినట్లే భావించితిమి. నిమిషములలో వేడి ఎంతయో తగ్గెను. మేము సంతసించితిమి. దీపాలు పెట్టు వేళకు రెండు బంగారుచేపలు ప్రక్కకు వ్రాలి తేలినవి.

తరువాత మావారి వద్దనున్న పుస్తకములు చూచి కారణము తెలిసికొంటిమి. చేపకు మనవలె లోపలి వేడి వేరుగా నుండదు. నీరెంత వేడియో దాని దేహమును అంతయే. ఆ వేడి ఒక్కసారి మారినచో దాని ప్రాణము తట్టుకొనలేదు. గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గనీయరాదు. అదిగాక, నీరు వేడెక్కిన కొలది అందలి ప్రాణవాయువు తగ్గును. 25 డిగ్రీలలో లీటరు నీటిలో సుమారు 8 మిల్లీగ్రాములు పట్టునది, 35 డిగ్రీలలో 7కు లోపే పట్టును. వేడిలో చేపకు గాలి ఎక్కువ కావలెను. నీటిలో చూడగా తక్కువ యుండును. కావున వానికి ముందుగా కావలసినది చల్లదనము కాదు, గాలి. చెంబుతో ఆ నీటినే ముంచి, మూరెడెత్తునుండి ధారగా మరల పోయుచుండిన చాలియుండెడిది. పాలు చల్లార్చు ప్రతి గృహిణికిని వచ్చిన పనియే అది. వచ్చిన పని చేయక, తోచిన పని చేసితిమి.

మావారు మమ్ము ఓదార్చి, "సంతలో అట్టివే రెండు దొరకును. పిల్లలకు తెలియదు" అనిరి. ఆ రాత్రి మాకును అదియే మేలనిపించెను. కాని ఆ తరగతి బాలుడొకడు రెండు మూడు దినముల కొకసారి వచ్చి, తొట్టి ముందు గొంతుకూర్చుండి చూచి పోవుచుండెను. ఏ చేప తోకపై ఏ మచ్చ యున్నదో వానికి తెలియును. మరునాడు ఉదయముననే వాడు వచ్చెను. మేము ఉన్నదున్నట్లు చెప్పితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "అమ్మగారూ, మిగిలినదానికి ఎండ తగలకుండా ఏం చేద్దామండీ?" అని యడిగెను. మందలింపు వినుటకు సిద్ధపడియున్న మాకు ఆ ప్రశ్నకు బదులు చెప్పుట మరింత కష్టమాయెను.

పెరటిలో మా మామగారి నాటి మట్టి కుడితిగోలెము ఒకటి పశువులు లేక ఊరకే పడియుండెను. కూజాలో నీరేల చల్లబడునో మనమెల్లర మెరుగుదుము: మట్టి చెమర్చును, ఆ తేమ ఆవిరియగుచు వేడిని కొనిపోవును. గోలెమును రుద్ది కడిగి, మూడు దినములు నీరు నింపి పారబోసి, వేపచెట్టు నీడకు చేర్చితిమి. చుట్టును తడి గోనెపట్టా కట్టితిమి. ఆ పట్టా ఆ బాలుడు తెచ్చినదే. కాకి, పిల్లి రాకుండ పైన వల పరచితిమి. గప్పీలను అందు విడిచితిమి. మధ్యాహ్నమున బయట నిప్పులు చెరగుచున్నను గోలెములో వేడి 30 దాటలేదు. గాలి పొడిగా నుండు మా సీమలో ఈ యుపాయము చక్కగా పారును. సముద్రతీరమున ఉక్కపోతలో ఆవిరి త్వరగా లేవదు గనుక, అక్కడి సోదరీమణులు దీనిని అంతగా నమ్మరాదు. మిగిలిన బంగారుచేప యింటిలో చీకటిగదిలో నుండెను. గడ్డకట్టిన నీటిసీసాను మూత బిగించియే ఒక్కొక్కటిగా దాని తొట్టిలో తేల్చుచు, ఉష్ణమాపకమును చూచుచుంటిమి. సత్యవ్రతుడు చేప పెరిగిన కొలది పాత్ర మార్చెను. మేము ఎండ పెరిగిన కొలది మార్చితిమి.

ఇంతలో ఇంట మరియొక తగవు పుట్టెను. మా వీధికి నీళ్ల ట్యాంకరు దినము విడిచి దినము వచ్చును. అత్తగారు ఒకనాడు, "మనుషులకే గుక్కెడు నీళ్లు కరువైతే, చేపలకు స్నానాలేమిటే అమ్మాయీ?" అనిరి. ఆ మాట తప్పని చెప్పజాలము. వీధి చివర బిందెలతో నిలుచున్న స్త్రీలను చూచుచు మేమును సిగ్గుపడితిమి. అయినను మలినమైన నీరుంచుట మరింత ప్రమాదము. చేపల మలమునుండి పుట్టు అమ్మోనియా, మా నీటివంటి క్షారము గల నీటిలో, అందును వేడిలో, అధికమైన విషమగును. కావున మేత సగము చేసితిమి. ఉదయమొక చిటికెడు మాత్రమే, మిగిలినది తీసివేయుట. నాలుగు దినముల కొకసారి తొట్టిలో అయిదవ వంతు, అనగా పది లీటర్లు మాత్రమే మార్చుట. క్రొత్త నీటిని ముందునాడే వెడల్పు పాత్రలో తెరచియుంచి, క్లోరిన్ వాసన పోయిన పిమ్మటనే పోయుట. తీసిన నీరు చుక్క వృథాగాక అత్తగారి మల్లెపొదకు, కరివేపకు పోయుట. పదునైదు దినములకు మల్లె విరగబూచెను. తరువాత, "చేపల నీళ్లు మార్చే రోజు ఇవాళేనా?" అని వారే యడుగుచుండిరి.

మే చివర గోలెములో నొక గప్పీ పొట్ట పెరిగి, వెనుకవైపు నల్లని మచ్చ ముదిరెను. గప్పీ గ్రుడ్లు పెట్టదు. ఇంచుమించు నాలుగు వారములు మోసి పిల్లలనే కనును. కని, దొరికినచో తానే మ్రింగును. బలవంతమైనది బలహీనమైనదానిని మ్రింగుటకు పెద్దలు మత్స్యన్యాయమని పేరేల పెట్టిరో ఆ గోలెము వద్ద కన్నులార చూచితిమి. నీటిపాచిని దట్టముగా వేసితిమి. పిల్లలకు దాగుటకు చోటు దొరకెను. ఒక తెల్లవారుజామున కనురెప్ప వెండ్రుకంతటి పిల్లలు పాచి నడుమ కదలాడుచుండెను. బాలుడును మేమును లెక్కించితిమి, ఇరువదిమూడు. ఉడికిన గ్రుడ్డు పచ్చసొనను గుడ్డలో వేసి పిండి, చుక్కంత మేతగా నిచ్చితిమి. మృగశిరకార్తె తొలకరి నాటికి పదునేడు నిలిచినవి.

జూన్‌లో బడి తెరచెను. తొట్టి తిరిగి పంపవలసిన ముందురోజు రాత్రి నోటుపుస్తకము తెరచితిమి. పుట్టినవి 23, నిలిచినవి 17 అని సంతోషముతో వ్రాసితిమి. చచ్చినవాని గడిలో బంగారుచేపలు 2 అని వ్రాసి, కారణపు గడి వద్ద ఆగితిమి. "ఎండదెబ్బ యని వ్రాయుము, అబద్ధమును కాదు" అనిరి మావారు. నిజమే, ఎండ లేకున్న ఆ నీరు పోయువారము కాము. అయినను వచ్చు వేసవిలో ఈ పుస్తకము మరియొకరి చేతిలో నుండును. వారి యింటను కరెంటు పోవును, వారి చేతులును వణకును. ఎండ యని వ్రాసినచో వారికి దానివలన ఏమి తెలియును?

"చల్లని నీరు ఒక్కసారిగా పోయుట వలన" అని వ్రాసి, తేదీ వేసి, పుస్తకము మూసితిమి.